బెంగళూరు జయనగర్‌లో స్పోర్ట్స్ డైటీషియన్ దగ్గర మూడు నెలలు: పరుగు మానలేదు, తిండి మార్చాను

మూడు నెలల ప్యాకేజీకి 10,500 రూపాయలు కట్టాను. ముందే చెప్తున్నాను, నాకు ఇంకా నెల తప్పలేదు. అయినా ఈ డబ్బు దండగ అనిపించలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. పిల్లల కోసం ప్రయత్నిస్తూ, పరుగు వదల్లేక, ఎవరిని అడగాలో తెలియక తిరిగే ఆడవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. పోయిన ఏడాది నేనూ అలాగే తిరిగాను.

నాకు 33 ఏళ్ళు. సొంతూరు హిందూపురం, ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో, ఇల్లు కూడ్లు గేట్ దగ్గర. ఆరేళ్ళుగా పరిగెత్తుతున్నాను. 2025 జనవరిలో ముంబైలో ఫుల్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, 4 గంటల 21 నిమిషాల్లో పూర్తి చేశాను. అది అయ్యాకే పిల్లల గురించి చూద్దామని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. ఫిబ్రవరిలో ప్రయత్నం మొదలుపెట్టాం, దాంతోపాటు అండం విడుదలయ్యే రోజు తెలుసుకోవడానికి మందుల షాపులో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు వాడటం మొదలుపెట్టాను. మూడు నెలలు వరసగా ఒకటే కథ. స్ట్రిప్పు మీద గీత బాగా ముదురుగా వచ్చేది నెలసరి మొదలైన 17వ రోజున. అండం ఆ తర్వాత ఒకటి, ఒకటిన్నర రోజుల్లో విడుదలవుతుంది కాబట్టి 18 అనుకుందాం. అక్కడి నుంచి సరిగ్గా తొమ్మిది రోజులకు నెలసరి వచ్చేసేది. ఆ మధ్య రోజుల్ని లూటియల్ ఫేజ్ అంటారు. చాలామందికి అవి 12 నుంచి 14 దాకా ఉంటాయి. తొమ్మిదంటే పిండం గర్భసంచిలో కుదురుకోవడానికి టైము చాలదేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒక ఆసుపత్రికి వెళ్ళాను. పేరు వద్దు. 21వ రోజు రక్తం తీసి ప్రొజెస్టెరాన్, అంటే గర్భం నిలబడటానికి కావాల్సిన హార్మోన్, తక్కువ ఉందన్నారు. వారానికి 65 కిలోమీటర్లు పరిగెత్తుతానని చెప్పగానే డాక్టరు గారు కాగితం మీద నుంచి తల కూడా ఎత్తకుండా "పరుగులు ఆపేయండి, టెన్షన్ పడకండి" అన్నారు. మొత్తం నాలుగు నిమిషాలు. ఆపేశాను. జూన్, జూలై రెండు నెలలు బూట్లు అటక మీద పెట్టాను. నిద్ర పోయింది, చిరాకు పెరిగింది, ఇంట్లో చిన్న మాటకీ ఏడుపు వచ్చేది. ఊరి నుంచి మా అత్త ఫోన్ చేసినప్పుడల్లా "మంచి పని చేసినావమ్మా, ఆ ఎగురుళ్ళకి కడుపు నిలబడదు" అనేది. ఆమె ప్రేమతోనే అంటుందని తెలుసు. కానీ రెండు నెలల తర్వాత స్ట్రిప్పు చూస్తే మళ్ళీ 17, మళ్ళీ తొమ్మిది రోజులు. ఏమీ మారలేదు. మళ్ళీ పరుగు మొదలుపెట్టాను.

పరుగు ఆపినా ఎందుకు మారలేదో ఈ డైటీషియన్ మేడమ్ దగ్గరే తెలిసింది. పరుగు గ్రూపులో ఒక అక్క నంబరు ఇచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో మొదటిసారి వెళ్ళాను. మేడమ్‌ది బళ్ళారి, తెలుగు మనలాగే మాట్లాడతారు. మొదటి అపాయింట్‌మెంట్ 75 నిమిషాలు, ఆ మొత్తం సేపూ నా ముఖం చూసే మాట్లాడారు. బరువు, ఒంట్లో కొవ్వు కొలిచాక ఆమె మొదట అడిగింది "రోజూ ఎంత పరిగెత్తుతారు?" అని కాదు. "పరుగుకి ముందు ఏం తింటారు, అయ్యాక ఎంతసేపటికి తింటారు?" అని. పొద్దున్నే ఐదింటికి పాలు లేని కాఫీ తాగి వెళ్తానని, పరుగయ్యాక ఫిల్టర్ కాఫీ తాగి స్నానం చేసి ఆఫీసు బస్సు ఎక్కేసి, పదిన్నరకి క్యాంటీన్‌లో రెండు ఇడ్లీలు తింటానని చెప్పాను. మధ్యాహ్నం రెండు పుల్కాలు, కూర. సాయంత్రం గుప్పెడు శెనక్కాయలు, ఒక పండు. రాత్రి మళ్ళీ రెండు పుల్కాలు, పప్పు, పెరుగు. చెప్తున్నప్పుడు నాకు అది చాలా శుభ్రమైన తిండిలా అనిపించింది.

ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నా బరువు 52 కిలోలు, అందులో కొవ్వు తీసేస్తే 41 కిలోలు. పరుగుకి కిలోమీటరుకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. పరిగెత్తే రోజున 11 కిలోమీటర్లంటే 570 దాకా. నేను తింటున్నది 1,750. పరుగుకి పోగా మిగిలింది 1,180. దాన్ని 41తో భాగిస్తే కిలోకి 29 కేలరీలు. గుండె కొట్టుకోవడం, ఒళ్ళు వెచ్చగా ఉండటం, ఎముక, జుట్టు, నెలసరి, అన్నీ ఆ 29లోనే జరగాలి. 45 దాకా ఉంటే మంచిదని, 30 కన్నా కిందికి పోతే కొందరు ఆడవాళ్ళలో అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ మెదడు నుంచి అలలుగా రావడం నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో తేలిందని చెప్పారు. నెలసరి పైకి మామూలుగానే వస్తుంటుంది, లోపల అండం ఆలస్యం కావచ్చు, ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ తగ్గవచ్చు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, వ్యాయామానికి తగ్గ తిండి చాలని ఈ పరిస్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టిందట. "30 అన్న గీత అందరికీ ఒకచోటే ఉండదు, అది గుర్తుపెట్టుకోండి" అని కూడా అన్నారు. ఆ మాట వల్లే ఆమె మీద నమ్మకం కుదిరింది.

అప్పుడు అడిగాను, మరి రెండు నెలలు పరుగు మానేస్తే ఎందుకు బాగుపడలేదని. "ఆ రెండు నెలలూ ఏం తిన్నారు?" అన్నారు. చెప్పడానికి నోరు రాలేదు. పరిగెత్తడం లేదు కదా, లావైపోతానని రాత్రి పుల్కాలు మానేశాను, శెనక్కాయలు మానేశాను. ఖర్చు తగ్గించి రాబడి కూడా తగ్గించాను, మిగులు ఉన్నచోటే ఉంది. ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. ఆమె మంచినీళ్ళ గ్లాసు జరిపి, ఏమీ అనకుండా ఆగారు.

ఆసుపత్రి పరీక్ష గురించి కూడా ఒక సంగతి చెప్పారు. ప్రొజెస్టెరాన్ చూడాల్సింది అండం విడుదలయ్యాక సుమారు ఏడో రోజున. 28 రోజుల చక్రంలో 14న అండం వచ్చేవాళ్ళకు అది 21వ రోజు అవుతుంది. నాకు 18న వస్తుంటే 21 నాటికి మూడు రోజులే, తక్కువగా కాక ఎలా ఉంటుంది! ఇది ఆమె చేసే పరీక్ష కాదు కాబట్టి, ఒక గైనకాలజిస్టుని సొంతంగా చూసుకోమని, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష), థైరాయిడ్ కూడా చేయించుకోమని చెప్పారు. తను డాక్టరు కాదని మూడుసార్లు గుర్తుచేశారు. వేరే గైనకాలజిస్టు దగ్గర చేయిస్తే థైరాయిడ్ బాగానే ఉంది, ఫెర్రిటిన్ 11 వచ్చింది. ఆ డాక్టరమ్మే ఐరన్ మాత్రలు రాశారు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు నేను ముందునుంచే వేసుకుంటున్నాను, గర్భం రాకముందు కనీసం నెల నుంచి వేసుకోవాలి. మా ఆయనకి కూడా వీర్య పరీక్ష అప్పుడే చేయించాం, అంతా బాగుంది. మగవాళ్ళ పరీక్ష సులువు, ఖర్చు తక్కువ, దాన్ని మొదటే చేయించేయండి. ఆడవాళ్ళని అన్ని సూదులూ పొడిచాక చివర్లో వాళ్ళని పంపడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక తిండి. నేను కొత్తగా కొన్నవి ఏమీ లేవు, పొడులు లేవు, డబ్బాలు లేవు. పరుగుకి ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు. పరుగయ్యాక అరగంటలోపు టిఫిన్. మా ఊరి ఉగ్గాని, పప్పుల పొడి ఎక్కువేసి, పక్కన రెండు గుడ్లు. ఉగ్గాని చేసుకోవచ్చా అని భయం భయంగా అడిగితే, "రన్నర్‌కి అంతకన్నా ఏం కావాలి?" అన్నారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, నెయ్యి. సాయంత్రం శెనక్కాయల బెల్లం ఉండ. రాత్రి రాగి సంకటి, పాలకూర పప్పు, ఆదివారమైతే కోడి పులుసు. కాఫీ తిండితో పాటు కాకుండా గంట ఆగి తాగమన్నారు, కాఫీ టీల వల్ల ఐరన్ సరిగా ఒంటపట్టదు. పెద్ద పరుగు తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య కూడా ఐరన్ తక్కువే పడుతుందని చెప్పి, మాత్ర వేసుకునే వేళ డాక్టరమ్మతో మాట్లాడి మార్చుకోమన్నారు.

పరుగు ఆపమనలేదు. వారానికి 38 కిలోమీటర్లకు తగ్గించారు, వేగంగా పరిగెత్తే రోజులు రెండు నుంచి ఒకటికి. 2012లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం ఒకటి చూపించారు, 3,600 మందికి పైగా ఆడవాళ్ళ మీద చేసింది. బరువు ఎక్కువ లేనివాళ్ళలో వారానికి ఐదు గంటలు, ఆపైన గట్టి వ్యాయామం చేసేవాళ్ళకు గర్భం రావడానికి ఎక్కువ కాలం పట్టింది. నా 65 కిలోమీటర్లు ఆరున్నర గంటలు. అదే అధ్యయనంలో బరువు ఎక్కువున్నవాళ్ళకి గట్టి వ్యాయామం వల్ల ఆ ఆలస్యం కనిపించలేదు, చురుగ్గా నడవడం లాంటిది అందరికీ కొంచెం మేలే చేసింది. అందుకే నా ప్లాన్ చూసి మీరు కిలోమీటర్లు తగ్గించుకోకండి, మీ ఒళ్ళు వేరు.

నాకు అన్నిటికన్నా ఊరటనిచ్చింది అండం విడుదలైన తర్వాతి రోజుల గురించి ఆమె చెప్పింది. ఆ రోజుల్లో ఆగరా చెరువు గట్టు మీద మెల్లగా పరిగెత్తుతున్నా, ప్రతి అడుక్కీ ఏదో జారిపోతుందేమోనని కడుపు మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. పిండం గర్భసంచి గోడలోకి పాతుకుంటుంది, గిన్నెలో గింజలా దొర్లదు, తేలికపాటి పరుగుకి ఊడిరాదు అని బొమ్మ గీసి చూపించారు. ఒంటి వేడి మాత్రం 39 డిగ్రీలు దాటేంతగా ఎండలో పరిగెత్తొద్దన్నారు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళయితే పరుగు పూర్తిగా ఆపాలి, అండాశయాలు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంటుంది. నేను అడక్కపోయినా ఇది కూడా చెప్పారు.

లోపాలూ రాస్తాను. తిండి రాసుకునే యాప్ బాగాలేదు. సంకటి లేదు, ఉగ్గాని లేదు, ఉలవచారు లేదు. పైగా రోజూ ప్రతి ముద్దా లెక్క రాస్తుంటే నాకు తిండి మీద కొత్త భయం మొదలైంది. మూడో వారంలో చెప్తే మేడమ్ వెంటనే రాయడం మాన్పించి, పళ్ళెం ఫోటో పంపితే చాలన్నారు. ఆ మార్పు మొదటి రోజే చేయాల్సింది. తిండితో ఇదివరకే ఇబ్బంది పడ్డవాళ్ళు యాప్ వద్దని ముందే చెప్పేయండి. అక్కడే పనిచేసే ట్రైనర్ పంపిన మొదటి నెల పరుగు ప్లాన్ ఎవరో వేరేవాళ్ళది, నా పేరు మార్చి పంపారు. అందులో వారానికి మూడు గట్టి రోజులున్నాయి. మేడమ్ సారీ చెప్పి తనే కొత్తది రాశారు, కానీ ఒక వారం పోయింది. వాట్సాప్‌లో అడిగితే జవాబుకి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. నెలసరి వస్తుందా రాదా అని ఎదురుచూసే మనిషికి రెండు రోజులు చాలా ఎక్కువ. మా ఆయన్ని తీసుకెళ్ళిన రోజు అదనంగా 800 తీసుకున్నారు, అది ముందే చెప్పి ఉండాల్సింది.

మేడమ్ ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, బండి పెట్టే చోటు అసలు లేదు. మెట్రోలో వెళ్ళండి. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలయ్యాక నేను కూడ్లు గేట్‌లో ఎక్కి ఆర్.వి. రోడ్‌లో దిగి నడిచి వెళ్తున్నాను, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంట కూర్చునే బాధ తప్పింది. సాయంత్రం స్లాట్లు వారం ముందే నిండిపోతాయి.

నవంబరు చివరికి నా బరువు 54.3 కిలోలు. మొదటి కిలో పెరిగినప్పుడు బాధపడ్డాను, నిజం చెప్పాలి. ఇప్పుడు లేదు. మెల్లగా పరిగెత్తే నా వేగం కిలోమీటరుకి ఆరు నిమిషాలు, అది తగ్గలేదు. కాళ్ళ పిక్కల్లో వచ్చే ఆ తీపు పోయింది, రాత్రి మెలకువ రావడం లేదు. మూడో నెల స్ట్రిప్పు 15వ రోజునే ముదిరింది. 16 నుంచి లెక్కపెట్టాను. తొమ్మిదో రోజు ఉదయం బాత్రూంలోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఏమీ లేదు. పదో రోజూ లేదు, పదకొండో రోజూ లేదు. పన్నెండు రోజులు నిండాక నెలసరి వచ్చింది. ఏడ్చాను, కానీ అది పోయినసారి ఏడుపు లాంటిది కాదు. మా ఆయన క్యాలెండర్‌లో ఆ 12 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. మార్పు తిండి వల్లా, పరుగు తగ్గించడం వల్లా, ఐరన్ వల్లా అని మేడమ్‌ని అడిగితే, మూడూ కలిపి చేశాం కాబట్టి విడదీసి చెప్పలేనన్నారు.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ ఆ ప్లాన్ పొరపాటుకీ, ఆలస్యమైన జవాబులకీ. ఫిబ్రవరికి మా ప్రయత్నం ఏడాది నిండుతుంది, 35 దాటనివాళ్ళు అప్పటికి మిగతా పరీక్షలు మొదలుపెట్టాలి, మేమూ గైనకాలజిస్టు దగ్గర తేదీ తీసుకున్నాం. ఈలోగా ఇక్కడ ఇంకో మూడు నెలలకు డబ్బు కట్టేశాను. మంగళవారం సాయంత్రం ఏడు గంటల స్లాట్ నాది.