పోర్టబుల్ ఏసీ కొనేముందు పైపు సంగతి చూడండి: కొన్ని వేసవుల వాడకం తర్వాత

అద్దె ఇల్లు కావడంతో గోడకు కన్నం పెట్టనివ్వరు. స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్ తగిలించడానికి చోటూ లేదు. అలాంటి ఇంట్లో ఎండాకాలం గడవాలంటే మిగిలే దారి పోర్టబుల్ ఏసీయే. మొదట, వేడిగాలిని కిటికీలోంచి బయటికి పంపే పైపు ఒక్కటే ఉన్న మెషీన్‌ని కొన్ని వేసవులు వాడాను. తర్వాత అదే గదిలో, అదే కిటికీకి రెండు పైపుల ఇన్వర్టర్ మోడల్ (కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకుంటూ నడిచేది) పెట్టుకుని ఇప్పటికీ వాడుతున్నాను. రెండూ వాడాక నాకు గట్టిగా అనిపించేది ఇదీ: పెట్టె మీద ఎన్ని టన్నులని రాసి ఉన్నా, బయటికి పోయే గాలికి బదులు గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూడకపోతే గది చల్లబడదు. కొనేటప్పుడు అందరూ టన్నులు అడుగుతారు, రిమోట్ అడుగుతారు, వైఫై ఉందా అని అడుగుతారు. పైపు గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఈ సమీక్షలో సగం పైపు గురించే ఉంటుంది.

ముందుగా ఒక మాట. పైపే లేకుండా, నీళ్లు పోసి స్విచ్ వేస్తే చాలంటూ అమ్మేవి ఏసీలు కావు, కూలర్లు. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. పొడి ఎండల్లో అది బాగానే పనిచేస్తుంది. ఉక్కపోత రోజుల్లో మాత్రం ఉన్న తేమకు ఇంకాస్త తేమ కలుపుతుంది. ఏసీ చేసే పని వేరు. గదిలోని వేడిని తీసి బయట పారబోస్తుంది. ఆ వేడి బయటికి పోవడానికి దారి కావాలి, ఆ దారే పైపు. పైపు లేని మెషీన్‌ని ఏ పేరుతో అమ్మినా ఏసీ అనుకుని కొనకండి.

ఇక ఒకే పైపు మెషీన్ సంగతి. ఇది గదిలోని గాలినే రెండు పనులకు వాడుకుంటుంది. కొంత గాలిని చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుంది. ఇంకొంత గాలిని లోపలున్న వేడి కాయిల్ (గదిలోంచి తీసిన వేడిని వదిలే గొట్టాల చుట్ట) మీదుగా లాగి, ఆ వేడితో సహా పైపులోంచి బయటికి నెడుతుంది. అంటే మనం కరెంటు ఖర్చు పెట్టి చల్లబరుచుకున్న గాలే కొంత ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉంటుంది. పోయినంత గాలి మళ్లీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపు కింది సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ కన్నంలోంచి వస్తుంది. వచ్చేది బయటి వేడిగాలి, లేదా పక్క గదిలోని వేడిగాలి.

దీన్ని కళ్లతో చూడొచ్చు. సన్నటి టిష్యూ పేపర్ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని, మూసిన తలుపు కింది సందు దగ్గర పెట్టి చూడండి. ఏసీ ఆగి ఉన్నప్పుడు కాగితం నిటారుగా వేలాడుతుంది. కంప్రెసర్ మొదలైన కాసేపటికే కాగితం గదిలోపలికి వాలిపోతుంది, అలాగే వాలి ఉంటుంది. మా గదిలో చెయ్యి పెడితే ఆ గాలి వెచ్చదనం తెలిసేది. సందుకు టవల్ అడ్డం పెడితే కాగితం కొంత నిలబడుతుంది, కానీ గాలి ఇంకో సందు వెతుక్కుంటుంది. మెషీన్ గాలిని బయటికి నెట్టినంతసేపూ లోపలికి గాలి రాక తప్పదు. అన్ని సందులూ మూసేస్తే సమస్య తీరుతుందని కొందరు సలహా ఇస్తారు. ఒకే పైపు మెషీన్ విషయంలో అది తీరే సమస్య కాదు.

అందుకే ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో మెషీన్ ముందు కూర్చుంటే చల్లగా ఉంటుంది, గదిలో అటు చివరికి వెళ్తే ఉక్కగానే ఉంటుంది. రాత్రి బయట వేడి తగ్గాక అదే మెషీన్ చక్కగా పనిచేస్తుంది. లోపలికి వచ్చే గాలే కాస్త చల్లబడుతుంది కాబట్టి ఈ తేడా. పడుకునే ముందు, పడుకున్నాక మాత్రమే వాడుకునేవాళ్లకు ఒకే పైపు మోడల్ సరిపోవచ్చు. పగలంతా ఇంట్లో పని చేసుకునేవాళ్లకు నేను వద్దంటాను.

రెండు పైపుల మోడల్‌లో ఒక పైపు బయటి గాలిని మెషీన్‌లోకి తెస్తుంది. ఆ గాలే వేడి కాయిల్ మీదుగా వెళ్లి రెండో పైపులోంచి మళ్లీ బయటికి పోతుంది. గదిలోని గాలి జోలికి దాదాపుగా పోదు. టిష్యూ పేపర్ పరీక్ష ఇక్కడ చేస్తే కాగితం పెద్దగా కదలదు. గది అంతా ఒకేలా చల్లబడుతుంది, తలుపు దగ్గర కూర్చున్నా తేడా తెలియదు. ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. మండుటెండలో బయటి గాలి చాలా వేడిగా ఉంటుంది, ఆ వేడిగాలితోనే కాయిల్‌ని చల్లార్చాలి కాబట్టి కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. అయినా లెక్క చూస్తే లాభమే ఎక్కువ. ఇంకో సంగతి, బయటి గాలితో పాటు దుమ్ము కూడా వస్తుంది. లోపలికి లాగే పైపు మూతి దగ్గర జాలీ ఉందో లేదో చూసుకోండి. కొన్ని కొత్త మోడళ్లలో పెద్ద పైపు లోపలే చిన్న పైపు ఉంటుంది. బయటికి ఒకటే పైపులా కనిపించినా అది రెండు పైపుల ఏసీయే. అమ్మేవాళ్లకే కొన్నిసార్లు ఈ తేడా తెలియదు, పైపు మూతిలోకి మీరే తొంగి చూడటం మంచిది.

టన్నుల గురించి ఇప్పుడు చెబుతాను. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), అంటే దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని తీయగలగడం. స్ప్లిట్ ఏసీకి ఈ అంకె నమ్మదగ్గదే. పోర్టబుల్‌కి వచ్చేసరికి పైపు నుంచి గదిలోకి తిరిగి వచ్చే వేడి, సందుల్లోంచి వచ్చే వేడిగాలి ఈ అంకెలో లెక్కకు రావు. అమెరికా ఇంధన శాఖ 2016లో ఖరారు చేసిన పరీక్షా పద్ధతి ఈ రెండింటినీ కలుపుకుని కొత్త అంకె ఇస్తుంది. దాని పేరు 'సీజనల్లీ అడ్జస్టెడ్ కూలింగ్ కెపాసిటీ', పొట్టిగా 'ఎస్ఏసీసీ' అంటారు. అందుకే కొన్ని పెట్టెల మీద రెండు అంకెలు కనిపిస్తాయి. పాత పద్ధతిలో 14,000 బీటీయూ అని రాసిన మెషీన్‌కి కొత్త పద్ధతిలో 10,000, కొన్నింటికి ఇంకా తక్కువే వస్తుంది. రెండు అంకెలూ ఉంటే చిన్నదాన్నే నమ్మండి. ఒకటే ఉంటే, అది ఏ పద్ధతిలో కొలిచిందో అడగండి. అడిగినా సమాధానం రాకపోతే అది పెద్ద అంకే అనుకుని, గది సైజుకు కావాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉన్నది చూసుకోవాలి.

పైపు నుంచి తిరిగి వచ్చే వేడి అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. కంప్రెసర్ అరగంట నడిచాక పైపు మీద చెయ్యి వేసి చూడండి, వేడి బాగా తెలుస్తుంది. మనిషి చెయ్యంత లావున్న ప్లాస్టిక్ పైపు గది మధ్యలో వేడెక్కి ఉంటే, అది చిన్న హీటర్ పెట్టుకున్నట్టే. పైపును వీలైనంత పొట్టిగా, వంకరలు లేకుండా లాగి పెట్టాలి. కంపెనీ ఇచ్చిన పైపుకి ఇంకో పైపు అతికించి పొడిగించకూడదు. గాలి సరిగ్గా పోక మెషీన్ వేడెక్కుతుంది. పైపు చుట్టూ వేడిని ఆపే తొడుగు వేశాక మా గదిలో తేడా స్పష్టంగా కనిపించింది. వెండి రేకు అతికించిన ఫోమ్ షీట్ చుట్టి టేపు వేసినా సరిపోతుంది.

కిటికీ దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మెషీన్‌తో వచ్చే ప్లాస్టిక్ పలకలు పక్కకు జరిపే కిటికీలకు సరిపోయేలా చేస్తారు. రెక్కలు తెరుచుకునే కిటికీ అయితే మధ్యలో జిప్ ఉన్న గుడ్డ తొడుగు దొరుకుతుంది. గట్టి గాలి వీస్తే అది ఊగుతుంది, అంచుల దగ్గర ఊడుతుంది. నాకు బాగా పనికొచ్చింది కిటికీ కొలతకు కోయించిన ప్లైవుడ్ పలక. పైపుల మూతులకు సరిగ్గా సరిపోయేలా అందులో కన్నాలు కోయించి, అంచులకు స్పాంజ్ టేపు అతికించాను. ఎండాకాలం అయిపోగానే పలక తీసి మంచం కింద పెట్టేస్తాను. కిటికీకి ఇనుప ఊచలు ఉంటే కొనకముందే ఊచల మధ్య సందు కొలవండి. పైపు మూతి అందులో దూరకపోతే ఏ కిట్ కొన్నా లాభం ఉండదు.

చప్పుడు విషయంలో ఎవరికీ ఆశ పెట్టను. స్ప్లిట్ ఏసీలో కంప్రెసర్ బయట ఉంటుంది, ఇందులో మన మంచం పక్కనే ఉంటుంది. చాలా మోడళ్లు 50 నుంచి 60 డెసిబెళ్ల మధ్య మోగుతాయి. ఏకధాటిగా వచ్చే మోతకు చెవి అలవాటు పడుతుంది. నిద్ర పాడుచేసేది మోత కాదు, మామూలు కంప్రెసర్ ఆగి మళ్లీ 'దడ్' మంటూ మొదలవడం. ఇన్వర్టర్ మోడల్‌లో కంప్రెసర్ వేగం తగ్గించుకుంటూ నడుస్తుంది కాబట్టి ఆ దడదడ దాదాపు లేదు. పడకగది కోసమైతే ఇన్వర్టర్‌కి పెట్టే అదనపు డబ్బు పూర్తిగా దక్కుతుందని నా అభిప్రాయం. తేలిగ్గా నిద్ర లేచే పసిపిల్లలున్న ఇంట్లో అయితే ఒకసారి మెషీన్ నడుస్తుండగా విని కొనండి.

నీళ్ల సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీళ్లయి కారుతుంది. చాలా మెషీన్లు ఆ నీటిని వేడి కాయిల్ మీదికి చిమ్మి, ఆవిరి చేసి పైపులోంచి బయటికి పంపేస్తాయి. పొడి ఎండల్లో ట్యాంకు వైపు చూడాల్సిన పనే ఉండదు. తొలకరి పడి గాలి చెమ్మగా మారాక మాత్రం ట్యాంకు నిండుతుంది, నిండగానే మెషీన్ ఆగిపోతుంది. అర్ధరాత్రి ఉక్కపోసి లేస్తే ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. కింది బిరడా తీస్తే నీళ్లు ఒక్కసారిగా వస్తాయి, ఆ బిరడా నేలకు రెండు వేళ్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి బకెట్ పట్టదు, పల్చటి ట్రే కావాలి. ట్రే నిండగానే బిరడా పెట్టి, పారబోసి, మళ్లీ తీయాలి. ఈ పని తప్పాలంటే పక్కనున్న బిరడాకి సన్న పైపు తగిలించి బాత్‌రూమ్ తూము వైపు వాలుగా వేసుకోవాలి. పైపు మధ్యలో ఎక్కడ పైకి లేచినా నీళ్లు అక్కడే ఆగిపోతాయి. కొనేటప్పుడు ఆ పక్క బిరడా ఉందో లేదో, ఎంత ఎత్తులో ఉందో చూడండి.

భద్రత గురించి రెండు విషయాలు తప్పక చెప్పాలి. ఒకటి, దీన్ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే వైరు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. రెండోది చాలామందికి తెలియదు. ఒకే పైపు మెషీన్ ఇంట్లోని గాలిని లాగేస్తుంది కాబట్టి గ్యాస్ గీజర్ పొగ బయటికి పోవాల్సింది పోయి వెనక్కి, ఇంట్లోకి రావచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఇంట్లో గ్యాస్ గీజర్ కానీ, పొగగొట్టం ఉన్న పొయ్యి కానీ ఉంటే ఒకే పైపు ఏసీ వద్దు. రెండు పైపులదే తీసుకోండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టుకోండి.

ఏసీ లోపల చల్లదనం కోసం నింపే గ్యాస్ విషయానికొస్తే, ఇప్పుడు చాలా పోర్టబుల్ ఏసీల్లో ఆర్290 వాడుతున్నారు. అది ప్రొపేనే. పాత గ్యాస్ ఆర్410ఏతో పోలిస్తే భూతాపం మీద దాని ప్రభావం చాలా తక్కువ. మండే గుణం ఉంది కాబట్టి గది కనీసం ఎంత పెద్దది ఉండాలో మెషీన్ మీద రాసి ఉంటుంది, అది చదవండి.

మెయింటెనెన్స్ పెద్దగా లేదు. రెండు వారాలకోసారి ఫిల్టర్ జాలీ తీసి కడిగి నీడన ఆరబెడతాను. 'పోర్టబుల్' అన్న మాటను మాత్రం ఎక్కువగా నమ్మకండి. బరువు 30 కిలోల దాకా ఉంటుంది, చక్రాలు నున్నటి నేల మీదే తిరుగుతాయి, గడప దగ్గర ఇద్దరు ఎత్తాల్సిందే. ఇల్లు మారేటప్పుడు నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టాల్సి వస్తే, నిలబెట్టాక కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగేదాకా కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. సీజన్ అయిపోయాక నీళ్లన్నీ వంచేసి, ఒక పూటంతా ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపల ఆరనివ్వండి. ఆ పని చేయకుండా మూటకట్టి పెడితే మళ్లీ ఎండాకాలంలో తొలిరోజే ముక్క వాసన కొడుతుంది.

స్ప్లిట్ కానీ, విండో ఏసీ కానీ పెట్టుకునే వీలుంటే అదే పెట్టుకోండి. చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ, చల్లదనం ఎక్కువ. ఆ వీలు లేనివాళ్లు రెండు పైపులు, ఇన్వర్టర్, పక్క బిరడా ఈ మూడూ ఉన్న మోడల్ చూసుకోండి. వైఫై లేకపోయినా నష్టం లేదు. ఒకే పైపుది వాడుతూ ఇబ్బంది పడుతున్నవాళ్లు వెంటనే మార్చాల్సిన అవసరం లేదు. ముందు పైపుకి తొడుగు వేయండి, కిటికీకి గట్టి పలక బిగించండి, గది వేడెక్కాక కాకుండా ఎండ ఎక్కకముందే ఆన్ చేయండి. గోడలు ఒకసారి వేడెక్కితే వాటిని చల్లార్చడానికే మెషీన్‌కి సాయంత్రమవుతుంది. పైపు బయటికి పెట్టే కిటికీయే లేని గదికి మాత్రం ఎవరు అడిగినా కొనొద్దనే చెబుతున్నాను. ఆ వేడిని పక్క గదిలోకో, ఫాల్స్ సీలింగ్ పైకో వదిలితే కాసేపటికి అది మళ్లీ మీ గదికే చేరుతుంది.