మెక్సికో సిటీలో అజ్టెక్ జాడలు: ఏది ముందు చూడాలి, ఏది వదిలేయొచ్చు

అజ్టెక్‌ల కోసమని మెక్సికో సిటీ వెళ్లేవాళ్లలో చాలామంది మొదటిరోజే టియోటివాకాన్ బస్సెక్కేస్తారు. పిరమిడ్లు పెద్దవి, ఫోటోలు బాగా వస్తాయి. కాకపోతే ఆ ఊరు అజ్టెక్‌లది కాదు. క్రీ.శ. 7వ శతాబ్దం నాటికే దాని వైభవం ముగిసింది. అజ్టెక్‌లు, అంటే తమను తాము మెహికాలు అని పిలుచుకున్నవాళ్లు, తమ రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ని కట్టుకుంది 1325లో అని సంప్రదాయం. వాళ్లకి టియోటివాకాన్ ఎవరో ఎప్పుడో వదిలేసిన శిథిలం. దేవుళ్లు అక్కడే పుట్టారని నమ్మి, దానికి ఆ పేరు పెట్టిందీ వాళ్లే. మీ చేతిలో మూడు రోజులే ఉంటే దాన్ని పక్కన పెట్టండి. నాలుగో రోజు దొరికితే చూడొచ్చు.

మొదటి ఉదయం టెంప్లో మయోర్‌కి, అంటే తెనోచ్‌తిత్లాన్ పెద్ద గుడికి. నగరం నడిబొడ్డున, సోకలో మైదానం పక్కన, కెథడ్రల్‌కి ఆనుకుని ఉంటుంది. 1978 ఫిబ్రవరిలో కరెంటు కంపెనీ కూలీలు తవ్వుతుంటే కొయోల్‌షౌకి అనే దేవత రాతిఫలకం బయటపడింది. మూడుంబావు మీటర్ల వెడల్పు, సుమారు 8 టన్నుల బరువు. దాంతో పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వార్డో మాతోస్ మోక్తెసూమా ఆధ్వర్యంలో పెద్ద తవ్వకం మొదలైంది. గుడిని ఏడుసార్లు ఒకదానిమీద ఒకటిగా, ఉల్లిపాయ పొరల్లా కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు కనిపించేది ఆ పొరల అడుగుభాగాలే. ఇది తెలియకుండా లోపలికి వెళితే ఎటు చూసినా మొండిగోడలే. "ఇంతేనా" అంటూ అరగంటలో బయటికొచ్చేవాళ్లు ఎక్కువ.

అందుకే ఒక పని చేయండి. గుడి పడమటి ముఖంగా ఉంటుంది, పైన జంట గర్భగుళ్లు: ఉత్తరాన వానదేవుడు ట్లాలోక్, దక్షిణాన యుద్ధదేవుడు విట్సిలోపోచ్‌ట్లి. నడకదారిలో రెండో దశ దగ్గరికి రాగానే ఆగండి. పై గదులతో సహా కాస్త నిలిచి ఉన్నది ఆ పొర ఒక్కటే. ట్లాలోక్ వైపు వెల్లకిలా పడుకుని తల పక్కకి తిప్పిన చాక్‌మూల్ విగ్రహం, ఒంటిమీద పాత రంగులు ఇంకా పోలేదు. దాన్ని అందరూ చూస్తారు. విట్సిలోపోచ్‌ట్లి వైపు నేలలో పాతిన నల్లటి రాయిని మాత్రం దాదాపు ఎవరూ చూడరు. ఎత్తు అర మీటరు, అంతే. అదే తెచ్‌కాట్ల్, బలిరాయి. సినిమాల్లోలాగా పెద్ద బల్ల కోసం వెతికితే కనిపించదు. దాన్ని అంత చిన్నగా చేయడానికి కారణం ఉంది. మనిషిని దానిమీద వెల్లకిలా వంచి నలుగురు కాళ్లూ చేతులూ కిందికి లాగిపడితే రొమ్ము విల్లులా పైకి లేస్తుంది. చెకుముకి కత్తితో గుండె తీసేది అప్పుడే. తర్వాత శవాన్ని మెట్ల మీదుగా కిందికి దొర్లిస్తారు. దొర్లి పడేచోటనే కొయోల్‌షౌకి ఫలకం. విట్సిలోపోచ్‌ట్లి తన అక్క కొయోల్‌షౌకిని ముక్కలు చేసి కొండమీంచి విసిరేశాడన్న కథ ఉంది. ప్రతి బలీ ఆ కథని మళ్లీ ఆడి చూపినట్టే.

ఈ గుండె గొడవ ఏమిటో మ్యూజియం లోపల తెలుస్తుంది. మనిషిలో మూడు ప్రాణశక్తులు ఉంటాయని వాళ్ల నమ్మకం: తలలో తోనల్లి, గుండెలో తెయోలియా, కాలేయంలో ఇహియోట్ల్. నాలుగు సూర్యుళ్లు అంతమయ్యాక వచ్చిన ఇప్పటి ఐదో సూర్యుడు కదలాలంటే తిండి కావాలి. దేవుళ్లు తమని తాము బలిచ్చుకుని లోకాన్ని నడిపించారు కాబట్టి మనుషులది బాకీ. ఈ లెక్క అర్థమైతే మృత్యుదేవుడు మిక్ట్లాన్‌తెకూట్లి మట్టివిగ్రహం వేరేగా కనిపిస్తుంది. నిలువెత్తు మనిషి, నవ్వుతున్నట్టున్న పుర్రె, పక్కటెముకల కింద బయటికి వేలాడుతున్న కాలేయం. ఈ విగ్రహంమీద నెత్తురు పోసిన ఆనవాళ్లు పరీక్షల్లో దొరికాయి. కింది అంతస్తులో పరిచి ఉంచిన ట్లాల్తెకూట్లి, భూదేవత. 2006 అక్టోబరులో దొరికింది, 12 టన్నులు. దగ్గర నిలబడితే రూపం అంతుబట్టదు. పై అంతస్తుకెక్కి కిందికి చూడాలి.

పుర్రెల విషయంలో ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. బయట ప్రాంగణంలో వరసగా రాతి పుర్రెలు పొదిగిన వేదిక ఉంటుంది. బలైనవాళ్ల తలలు కర్రలకి గుచ్చి నిలిపే అసలు పుర్రెల పందిరి (వాళ్ల మాటలో త్సొంపాంట్లి) అదేననుకుంటారు. కాదు, అది దానికి బొమ్మ. అసలుది 2015లో కెథడ్రల్ వెనక గ్వాతెమాలా వీధిలో పాత ఇంటి కింద దొరికింది. ఇప్పటిదాకా 600కి పైగా పుర్రెలు తేలాయి, ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా. ఆ చోటు చూపిస్తామని వీధిలో ఎవరైనా వెంటపడితే డబ్బులివ్వకండి. మ్యూజియంలో ఉంచిన పుర్రెల్ని పక్కనుంచి చూడండి. రెండు కణతల్లోనూ పెద్ద రంధ్రాలుంటే అవి పందిరి గుంజకి గుచ్చినవి. కళ్లలో గవ్వలూ, ముక్కులో కత్తీ దోపి ఉంటే ముసుగు కోసం చేసినవి.

గైడ్ల దగ్గర ఒక అంకె వినిపిస్తుంది: 1487లో గుడి ప్రతిష్ఠకి నాలుగు రోజుల్లో 80,400 మంది బలి. స్పానిష్ కాలపు రాతల్లోంచి వచ్చిన అంకె అది. భాగహారం చేసి చూడండి. రాత్రింబవళ్లు ఆపకుండా నిమిషానికి 14 మంది! అలాగని బలులే లేవు, అంతా తెల్లవాళ్ల కట్టుకథ అనేవాళ్లకి ఆ పుర్రెలే జవాబు.

సైటుకి గంటన్నర, మ్యూజియానికి మరో గంటన్నర చాలు. బయట నీడ లేదు, టోపీ తప్పనిసరి. పెద్ద సంచులు గుమ్మం దగ్గర అప్పగించాలి. సోమవారం మూత. ఆదివారం దేశస్థులకి ప్రవేశం ఉచితం, కాబట్టి కిక్కిరిసి ఉంటుంది. ఊరు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం వస్తే కంగారు పడొద్దు. పెద్ద ఎక్కుడు ఏదైనా రెండోరోజు తర్వాతే పెట్టుకోండి.

ఆంత్రోపాలజీ మ్యూజియం రెండోరోజుకి. చపుల్తెపెక్ పార్కులో ఉంది, ఇదీ సోమవారం ఉండదు. మొత్తం చూడాలనుకుంటే రోజు చాలదు. నేరుగా మెహికా హాల్‌కి వెళ్లండి. మూడున్నర మీటర్ల సూర్యశిల ముందే జనం. దాన్ని "క్యాలెండర్" అనడం అలవాటైపోయింది కానీ దానిమీద తేదీలు చూసుకునే పని లేదు. నడుమ ముఖం, నాలుక స్థానంలో కత్తి, చుట్టూ అంతమైపోయిన నాలుగు సూర్యయుగాలు, వాటి బయట 20 రోజుల గుర్తులు. నిజమైన లెక్క ఏమిటంటే 365 రోజుల ఏడాది (20 రోజుల నెలలు 18, చివర అశుభమైన 5 రోజులు), 260 రోజుల జాతకచక్రం. రెండూ కలిసేది 52 ఏళ్లకోసారి. ఆ రాత్రి ఊరంతా పొయ్యిలార్పి, కుండలు పగలగొట్టి, ఇజ్తపలాపా కొండమీద ఒక బందీ రొమ్ముమీద కొత్త నిప్పు రాజేసేవారు. చివరిసారి 1507లో.

అదే హాల్లో ట్లాటెలోల్కో సంత నమూనా ఉంది. అందరూ సూర్యశిల దగ్గరే ఆగిపోయి దీన్ని దాటేస్తారు, నా లెక్కలో హాల్లో మొదట చూడాల్సింది ఇదే. కోకో గింజలే చిల్లర డబ్బు. తగవు వస్తే సంతలోనే న్యాయాధికారులు. అమ్మకానికి బానిసలు కూడా ఉంటారు. కానీ వీళ్లలో చాలామంది అప్పులపాలై వచ్చినవాళ్లు, బానిసత్వం పిల్లలకి సంక్రమించదు. ధనిక పోచ్‌తేకా వర్తకులు బలి కోసం బానిసల్ని కొని, స్నానం చేయించి, ముస్తాబు చేసి దేవుడికి ఇచ్చేవారు. సామాన్యుల పిల్లలకి యుద్ధం నేర్పే పేటబడి, ప్రభువర్గం పిల్లలకి పూజారుల బడి. మగపిల్లలెవరికీ బడి తప్పేది కాదు.

నమూనా చూశాక అసలు ట్లాటెలోల్కోకి గంట చాలు. మెట్రో లైన్ 3. 1521 ఆగస్టు 13న స్పానిష్‌వాళ్లతో అజ్టెక్‌ల ఆఖరి పోరు ముగిసింది అక్కడే. కాలువల పేట సొచిమిల్కోకి మాత్రం పూట కేటాయించండి. "తేలే తోటలు" అంటారు గానీ చినాంపాలు తేలవు. లోతు తక్కువ నీళ్లలో కర్రలు పాతి, దడి అల్లి, బురద, నాచు పొరలుగా పోసి, అంచుల్లో విల్లో చెట్లు నాటుతారు. వాటి వేళ్లే గట్టుని పట్టి ఉంచుతాయి. ఇవి చూడాలంటే పాటల పడవలు తిరిగే నతివితాస్ రేవు వద్దు, క్వెమాంకో రేవుకి ఉదయాన్నే వెళ్లండి. ధర గంటకి, పడవ మొత్తానికి. మనిషికింత అని ఎవరైనా అంటే రేవులో ఉన్న ధరల బోర్డు చూపించండి.

మలినాల్కో దూరం, 100 కిలోమీటర్లు పైనే. ఐనా టియోటివాకాన్‌కి బదులు నేనైతే దీనికే ఓటేస్తాను. కొండరాతిని తొలిచి చేసిన గుండ్రటి గుడి. 1501లో అవిట్సోట్ల్ రాజు కాలంలో మొదలైంది. గుమ్మం పాము నోరు, లోపల రాతి అరుగుమీద గద్దలూ జాగ్వారూ. గుమ్మం బయటినుంచే చూడనిస్తారు. మెట్లు 400 పైచిలుకు. అలిపిరి నడిచినవాళ్లకి అదేం లెక్క కాదు, ఎండ ముదరకముందే ఎక్కేయాలి, అంతే. పక్క ఊరు చాల్మాలో జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ దారిలో బస్సు దొరకదు.

బసకి రెండు చోట్లు: సెంట్రో, లేదా రోమా-కొండేసా. సెంట్రోలో ఉంటే టెంప్లో మయోర్‌కి నడిచి పోవచ్చు, గదులూ చవక. రాత్రి గోల, పాత కట్టడాల్లో వేడినీళ్ల పేచీ ఉంటాయి, ధర్నాలున్న రోజు సోకలో మెట్రో స్టేషన్ మూసేస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి రోమానే నయం. అమెరికా వీసా స్టాంపు చెల్లుబాటులో ఉన్న భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు దాటి అమెరికా ఇచ్చే ఐ-797 ఆమోదపత్రం మాత్రమే ఉంటే మెక్సికో వీసా కావాలి. టికెట్ కొనేముందే చూసుకోండి.

శాకాహారులు "సిన్ కార్నే" అంటే కోడి వేసి ఇచ్చే ప్రమాదం ఉంది. "సోయ్ వెహెతారియానో", ఆడవాళ్లైతే "వెహెతారియానా" అనాలి. చిక్కుడు ముద్దలో పందికొవ్వు ఉందో లేదో "మంతేకా?" అని అడగాలి. సున్నం నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండితో చేసే ట్లకోయో, నోపాల్ (నాగజెముడు) కూర బాగుంటాయి. సోకలో చుట్టుపక్కల అమ్మే అలెగ్రియా కొనండి. చూడ్డానికి మన పేలాల ఉండలా ఉంటుంది, గింజలు తోటకూర జాతివే. ఈ పిండితోనే పాన్కెత్సలిస్త్లి పండక్కి విట్సిలోపోచ్‌ట్లి బొమ్మ చేసి, దాన్ని "చంపి", ముక్కలు పంచుకుని తినేవారు. స్పానిష్ పాదరీలకి ఆ గింజంటేనే కంపరం పుట్టింది.

తిరుగుదారిలో మెట్రోలో పినో సువారెస్ స్టేషన్‌లో దిగండి. లైన్ 1 నుంచి లైన్ 2కి మారే నడవలో, జనం పరుగుల మధ్య, గాలిదేవుడు ఎహెకాట్ల్ గుండ్రటి గుడి పైకప్పు లేకుండా నిలబడి ఉంటుంది. మెట్రో తవ్వినప్పుడు దొరికితే అక్కడే ఉంచేశారు. దీనికి వేరే టికెట్ లేదు.