కడసారి చూపుకు వీడియో కాలా, ప్రయాణమా?

బరంపురంలో మంచాన పడిన తల్లికి, సూరత్ మరమగ్గాల్లో పనిచేసే కొడుక్కి మధ్య ఒక పగలూ రాత్రీ దాటిన రైలు ప్రయాణం ఉంటుంది.

వీడియో కాల్‌కు డేటా ఖర్చు చాలు. ప్రయాణమైతే టిక్కెట్టుతో పాటు పోయే కూలీనీ లెక్కవేసుకోవాలి.

ప్రయాణపు శ్రమ కొడుకుది, కాల్ శ్రమ మంచం పక్కనున్నవారిది. స్పృహ లేని స్థితిలోనూ వినికిడి మిగిలి ఉండవచ్చునని 2020లో కెనడాలో వెలువడిన పరిశోధన సూచించింది గనుక, ఫోనును స్పీకరులో పెట్టి చెవి దగ్గర పట్టుకోవాలి. మా అమ్మమ్మ కళ్లు తెరవలేదు గాని, మామయ్య "అమ్మా" అనగానే ఆమె వేళ్లు దుప్పటి అంచును పట్టుకున్నాయి. తులసి తీర్థం పోయడం మాత్రం దగ్గరున్నవారికే సాధ్యం.

తెగిన కాల్‌ను మళ్లీ కలపవచ్చు. ఆలస్యమైన రైలుకు ఆ వీలు లేదు.

వైద్యులు రోజుల గడువు చెబితే వెంటనే బయలుదేరి, దారిలోనూ మాట్లాడుతుండాలి. గంటలే అంటే ముందు కాల్ చేసి, ఆ తరువాతే టిక్కెట్టు చూసుకోవాలి.