స్టేషన్‌కు ఇరవై నిమిషాల దూరంలో: ఏళ్ల తరబడి దిగుతున్న హోటల్ గురించి

రెండు రాత్రులకు మించి ఉండేవాళ్లకు ఇలాంటి హోటల్‌ను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. ఒక్క రాత్రి కోసం, అందులోనూ బరువైన పెట్టెలతో వచ్చేవాళ్లకు మాత్రం వద్దంటాను. ఆఫీసు పని మీద కొన్నేళ్లుగా ఒకే నగరానికి వెళుతూ, వెళ్లినప్పుడల్లా ఒకే హోటల్‌లో దిగుతూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది. అంతకుముందు స్టేషన్‌ను ఆనుకుని ఉన్న హోటళ్లలోనూ చాలాకాలం ఉన్నాను కాబట్టి రెండింటినీ పోల్చి చెప్పగలను.

ముందు దూరం సంగతి. మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడక అని హోటల్ వెబ్‌సైట్ చెబుతుంది. బుకింగ్ యాప్ 900 మీటర్లు అని చూపిస్తుంది. కాలినడకన వెళ్తే ఆ దారి 1.2 కిలోమీటర్లు. యాప్‌లో కనిపించేది మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం. మనం వీధుల వెంట మలుపులు తిరుగుతూ వెళ్లాలి కదా, అందుకే ఆ తేడా. అలా కొలిచిన దూరానికి దానిలో మూడో వంతు కలుపుకుంటే మామూలు నగర వీధుల్లో లెక్క దాదాపు సరిపోతుంది. గంటకు 5 కిలోమీటర్ల నడక అంటే నిమిషానికి 80 మీటర్ల పైచిలుకు. ఆ లెక్కన దారికి పదిహేను నిమిషాలు. మధ్యలో రెండు పెద్ద రోడ్లు దాటాలి, సిగ్నల్ కోసం ఆగాలి. స్టేషన్‌లోకి దిగాక ప్లాట్‌ఫాం చేరడానికి మరో మూడు నిమిషాలు. గది తలుపు మూసిన దగ్గర నుంచి రైలు ఎక్కేదాకా ఇరవై నిమిషాలు పడుతుంది.

జనం బస్ స్టాప్‌కు 400 మీటర్లు, రైలు స్టేషన్‌కు 800 మీటర్లు ఇబ్బంది లేకుండా నడిచి వస్తారని ప్రజా రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు స్థూలంగా అనుకుంటారు. ఆ హద్దుకు మరో 400 మీటర్ల అవతల ఉంది ఈ హోటల్. ఆ 400 మీటర్ల వల్లే బస కాస్త వేరుగా ఉంటుంది.

ఏ ద్వారం నుంచి బయటికి రావాలో తెలుసుకోవడం దూరమంత ముఖ్యం. పెద్ద స్టేషన్లకు ఐదారు ద్వారాలుంటాయి. హోటల్ వైపు ద్వారం కాకుండా ఎదుటి వైపు ద్వారంలో బయటపడితే ఆ పెద్ద రోడ్డును మళ్లీ దాటాలి. రైలు చివరి పెట్టెలో ఎక్కితే సరైన మెట్ల పక్కనే దిగుతానని నాకు ఇప్పుడు తెలుసు. దీనివల్ల ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలు కలిసి వస్తాయి. కొత్తగా వెళ్లేవాళ్లు రిసెప్షన్‌లో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. స్టేషన్ ఎంత దూరమని అడిగితే వెబ్‌సైట్‌లోని మాటే మళ్లీ వినిపిస్తుంది. ఏ ద్వారం, ఏ వైపు నడక అని అడిగితే రోజూ ఆ దారిలో వచ్చే ఉద్యోగి తన అనుభవం చెబుతాడు.

సామాను గురించి కచ్చితంగా చెబుతాను: వచ్చే రోజు, వెళ్లే రోజు క్యాబ్‌లోనే వెళ్లండి. కాలిబాట పలకలు ఎక్కడికక్కడ లేచి ఉన్న దారిలో ట్రాలీ బ్యాగును కిలోమీటరుకు పైగా లాక్కెళ్లడం భుజానికి శిక్ష. నాలుగు చిన్న చక్రాల పెట్టె విమానాశ్రయం నున్నటి నేల మీద చక్కగా పోతుంది. పగుళ్లున్న కాలిబాట మీద దాని చక్రాలు అడుగడుగునా ఇరుక్కుంటాయి. రెండు పెద్ద చక్రాలుండి, వంచి లాగే పాత రకం పెట్టె ఇక్కడ చాలా మేలు. రెండు మూడు రోజుల పనికైతే నేను వీపు సంచీతోనే వెళ్తాను, అప్పుడు క్యాబ్ అవసరం ఉండదు.

స్టేషన్‌కు దూరంగా ఉన్న హోటల్‌లో అసలైన నష్టం నడక కాదని నా అనుభవం. మధ్యాహ్నం గదికి రాలేకపోవడమే పెద్ద నష్టం. స్టేషన్ పక్క హోటల్‌లో ఉన్న రోజుల్లో రెండు పనుల మధ్య గంట ఖాళీ దొరికితే గదికి వచ్చి ముఖం కడుక్కుని, కాసేపు నడుం వాల్చి, ల్యాప్‌టాప్ అక్కడే పెట్టి తేలిగ్గా బయటికి వెళ్లేదాన్ని. ఇక్కడ రానూ పోనూ నలభై నిమిషాలు. గంట ఖాళీలో మిగిలే ఇరవై నిమిషాల కోసం ఎవరూ రారు. అందుకే పొద్దున బయలుదేరేటప్పుడే సాయంత్రానికి కావలసినవన్నీ సంచీలో ఉండాలి. ఛార్జర్, గొడుగు, చలికి పైన వేసుకునేది, మందులు, సాయంత్రం ఎవరినైనా కలవాలంటే మరో జత చెప్పులు కూడా. రోజంతా ఆ బరువు మోయవలసిందే. సాయంత్రం నాటకానికో కచేరీకో వెళ్లాలన్నా ఆఫీసు బట్టల్లోనే వెళ్లాలి. పర్యాటకులకు ఇది మరీ ఇబ్బంది. ఎండ వేళ గదిలో విశ్రాంతి తీసుకుని సాయంత్రం మళ్లీ తిరగాలనుకునేవాళ్లు, చిన్న పిల్లలకు మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి అయినవాళ్లు స్టేషన్ దగ్గరే గది తీసుకోవాలి. రోజుకు ఒక్కసారి వెళ్లి ఒక్కసారి వచ్చేవాళ్లకు ఈ నష్టం అసలు తగలదు.

బస్సు ఉంది కదా అంటారు. ఉంది, హోటల్ వీధి చివర నుంచి స్టేషన్‌కు ఇరవై నిమిషాలకు ఒకటి. వేళ చూసుకోకుండా వెళ్లి నిలబడితే సగటున పది నిమిషాలు ఎదురుచూడాలి, ఆపై ఐదు నిమిషాల ప్రయాణం. అంటే నడకకూ బస్సుకూ సమయంలో తేడా లేదు. పైగా ఎదురుచూసే నిమిషం నడిచే నిమిషం కంటే ఎక్కువసేపు సాగినట్టు అనిపిస్తుంది. రవాణా లెక్కలు కట్టేవాళ్లు కూడా నిరీక్షణ సమయాన్ని ప్రయాణ సమయం కంటే భారంగానే లెక్కిస్తారు. జోరు వాన పడితేనో, మడమ నొప్పిగా ఉంటేనో బస్సు ఎక్కుతాను. రాత్రి తొమ్మిది దాటాక బస్సుల మధ్య విరామం పెరిగిపోతుంది కాబట్టి అప్పుడు దాన్ని నమ్ముకోను.

హోటల్ వ్యాను ఒకటి ఉదయం స్టేషన్‌కు తీసుకెళ్తుంది. ముందు రోజు సాయంత్రమే పేరు రాయించుకోవాలి, సీట్లు తక్కువ. రాయించుకున్న రోజు అది వేళకు వచ్చింది, డ్రైవరు మర్యాదస్తుడు. సాయంత్రం తిరిగి తీసుకురావడానికి మాత్రం వ్యాను లేదు. వాళ్ల ప్రకటనలో "ఉచిత షటిల్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వేళలు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఏ హోటల్‌లోనైనా షటిల్ చూసి గది తీసుకునే ముందు మూడు సంగతులు ఫోన్ చేసి అడగండి: ఏ వేళల్లో నడుస్తుంది, రెండు వైపులా ఉందా, సెలవు రోజుల్లో ఉందా.

రాత్రి దారి గురించి ఒక స్త్రీగా కాస్త వివరంగా రాయాలి. పగలు నేను వెళ్లే దగ్గరి దారి ఒకటుంది, చెట్ల నీడలో ఇళ్ల మధ్య నుంచి పోతుంది. అదే దారి రాత్రి వేరు. ఒక మలుపు దగ్గర వీధి దీపం లేదు, పక్కన పొడవాటి గోడ, ఒక్క తలుపూ ఒక్క కిటికీ కనబడవు. మొదటిసారి రాత్రి ఆలస్యంగా వస్తానని చెప్పినప్పుడు రిసెప్షన్‌లో ఉన్న పెద్దాయన నన్ను ఆపి, "మేడమ్, రాత్రి ఆ సందులో నుంచి రాకండి. పెద్ద రోడ్డు మీదుగా రండి, ఐదు నిమిషాలు ఎక్కువైనా పరవాలేదు. స్టేషన్‌లో దిగగానే ఇక్కడికి ఫోన్ చేయండి" అన్నారు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. ఫోన్ చేసిన రాత్రి నేను లోపలికి వచ్చేదాకా ఆయన తలుపు వైపు చూస్తూ ఉంటారు. నక్షత్రాల లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు గానీ, నేను ఈ హోటల్‌కే మళ్లీ వెళ్లడానికి ఇదో పెద్ద కారణం. గది తీసుకునే ముందు మ్యాప్‌లో దారి చూసేటప్పుడు పగటి ఫోటోలు చూసి తృప్తి పడకండి. ఆ వీధిలో రాత్రి పది దాకా తెరిచి ఉండే దుకాణాలున్నాయా, మందుల షాపు ఉందా, ఆసుపత్రి ఉందా చూడండి. మనుషులు మసిలే వీధి అరకిలోమీటరు ఎక్కువైనా భయం ఉండదు. చివరి రైలు ఎన్నింటికో కూడా మొదటి రోజే తెలుసుకోవాలి, ఎందుకంటే అది తప్పిపోతే మిగిలేది క్యాబ్ ఒక్కటే, ఆ వేళలో దాని ధర రెట్టింపైనా ఆశ్చర్యం లేదు.

ఇన్ని ఇబ్బందులున్నా అక్కడే ఎందుకు దిగుతున్నానంటే, నిద్ర. స్టేషన్ పక్క హోటళ్లలో నాకు సరైన నిద్ర పట్టేది కాదు. అర్ధరాత్రి దాకా వాహనాల హోరు, తెల్లవారకముందే మొదటి రైళ్ల అనౌన్స్‌మెంట్లు, పెట్టెలు లాక్కుంటూ వెళ్లేవాళ్ల చప్పుడు. శబ్దం దూరంతో ఎలా తగ్గుతుందో తెలిస్తే ఈ హోటల్ విలువ అర్థమవుతుంది. ఎడతెగని రోడ్డు రొద, దూరం రెట్టింపైన కొద్దీ సుమారు 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. రోడ్డుకు 10 మీటర్లలో ఉన్న కిటికీకీ 80 మీటర్లలో ఉన్న కిటికీకీ దాదాపు 9 డెసిబెల్స్ తేడా. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. మధ్యలో భవనాలు అడ్డుంటే ఇంకా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రి వేళ రోడ్డు రొద 45 డెసిబెల్స్‌కు, రైలు రొద 44 డెసిబెల్స్‌కు లోపు ఉండాలని సూచించింది. స్టేషన్ ఎదుట వీధికి తెరుచుకునే గదిలో ఉన్నవాళ్లకు ఆ హద్దు ఎంత దూరమో చెవులే చెబుతాయి. ఇక్కడ వెనుక వైపు గదిలో కిటికీ తీసి పడుకోవచ్చు. నాలుగు రాత్రులు నిండుగా నిద్రపోయిన మనిషికి రోజుకు నలభై నిమిషాల నడక లెక్కలోకి రాదు.

అయితే అన్ని గదులూ ఒకటి కావు. హోటల్ ఎడమ పక్క సందులోకి తెల్లవారుజామునే సరుకుల లారీలు వస్తాయి, వెనక్కి తీసేటప్పుడు మోగే ఆ బీప్ శబ్దం మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. బుక్ చేసేటప్పుడే వెనుక పెరటి వైపు, పై అంతస్తు గది కావాలని రాయండి. చెకిన్ వేళ అడిగితే అప్పటికి అవి అయిపోయి ఉంటాయి.

గదుల వైశాల్యం కూడా చెప్పుకోదగ్గది. స్టేషన్ చుట్టుపక్కల స్థలం ఖరీదు ఎక్కువ కాబట్టి అక్కడ గదులు ఇరుకు. దూరం జరిగితే అదే అద్దెకు బల్ల, కుర్చీ, పెట్టె తెరిచి పెట్టుకునే చోటు దొరుకుతాయి. రాత్రి పూట గదిలో కూర్చుని పని చేసుకునే నాకు మంచి బల్ల చాలా అవసరం. అద్దె విషయంలో మాత్రం జాగ్రత్త. గది చవగ్గా వచ్చిందని సంతోషించే ముందు రోజుకు ఎన్నిసార్లు క్యాబ్ ఎక్కుతారో నిజాయితీగా లెక్కవేయండి. రోజూ రెండు వైపులా క్యాబే అయితే మిగిలిందంతా అక్కడే పోతుంది.

ఒకసారి అమ్మను వెంట తీసుకెళ్లాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నాకు పదిహేను నిమిషాలు పట్టే దారి ఆవిడకు అరగంట అయింది. దారి పొడవునా కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. సిగ్నల్ దగ్గర ఇంకో చిక్కు. పాదచారుల సిగ్నల్‌కు సమయం కేటాయించేటప్పుడు సెకనుకు సుమారు 1.2 మీటర్ల నడకను చాలాచోట్ల లెక్కలోకి తీసుకుంటారు. ఆ లెక్కన 20 మీటర్ల రోడ్డుకు 17 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు 25 సెకన్లు కావాలి. రోడ్డు మధ్యలోని డివైడర్ మీద ఆగి రెండో పచ్చదీపం కోసం ఎదురుచూశాం. ఆ సాయంత్రమే స్టేషన్ పక్కన మరో హోటల్‌కు మారాం, అక్కడ రొద ఉన్నా ఆవిడ తనంతట తాను బయటికి వెళ్లి రాగలిగింది. మోకాళ్లు, గుండె, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లతో వచ్చేవాళ్లు నా సిఫారసును పక్కన పెట్టి స్టేషన్ దగ్గరి గదే చూసుకోవాలి.

హోటల్ యాజమాన్యానికి రెండు విన్నపాలు రాసి ఇచ్చాను. వ్యానును సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా స్టేషన్ నుంచి కూడా నడపమన్నది మొదటిది, దానికి ఇంకా సమాధానం రాలేదు. వెబ్‌సైట్‌లో పది నిమిషాలు అన్నచోట ఇరవై అని రాసి, ఏ ద్వారం నుంచి రావాలో, రాత్రి ఏ దారిలో నడవాలో మ్యాప్ పెట్టమన్నది రెండోది. మ్యాప్ మాత్రం ముద్రించి గదుల్లో బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు, పెద్ద రోడ్డు దారిని అందులో ఎర్ర గీతతో చూపించారు.