కంపెనీ స్పేరా, బజారు స్పేరా, పాత మెషీన్ నుంచి తీసిందా? వాషింగ్ మెషీన్ రిపేరులో ఏది మేలు?

మా ఫ్రంట్ లోడ్ మెషీన్‌కి ఏడేళ్లు నిండాయి. పోయిన ఎండాకాలం, బట్టలు పిండే టైముకి ఇంట్లో విమానం దిగుతున్నట్టు మోత మొదలైంది. కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "ఏవండీ, పిండి మర గానీ పెట్టారా?" అని అడిగేసింది. ప్లగ్గు పీకి, తలుపు తెరిచి, డ్రమ్ముని చేత్తో తిప్పి చూశాను. రోట్లో ఇసుక నూరుతున్నట్టు గరగర. అంచు పట్టుకుని పైకీ కిందకీ ఊపితే లొడలొడ. బేరింగులు పోయాయి.

కంపెనీ సర్వీసు అబ్బాయి వచ్చి టబ్బు, అంటే డ్రమ్ము చుట్టూ నీళ్లు పట్టే తొట్టి, మొత్తం మార్చాలన్నాడు. కొత్త మెషీన్ ధరలో దాదాపు సగం. మా వీధి మెకానిక్ బేరింగులు, వాటి మీదికి నీళ్లు రాకుండా ఆపే సీలు మారిస్తే సరిపోతుందన్నాడు, కంపెనీ చెప్పినదాంట్లో పావు వంతుకి. ఇంకొకాయన స్క్రాపులో దొరికిన ఇదే మోడల్ టబ్బు తెచ్చి బిగిస్తానన్నాడు, అంతకన్నా తక్కువకి. ముగ్గురిలో ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి వారం పట్టింది. ఆ వారంలో బకెట్లో బట్టలు నానబెడుతూ తెలుసుకున్నదేంటంటే, పోయిన సామాను ఏదో తెలియకుండా ఏ స్పేరు మేలో చెప్పలేం.

బేరింగుకైతే నా ఓటు బజారుకే. వాషింగ్ మెషీన్ కంపెనీలు కూడా బేరింగుని బేరింగులు చేసే కంపెనీల దగ్గరే కొంటాయి. దాని మీద నంబరు ఉంటుంది. 6205 అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15. 6206 అయితే 30, 62, 16. ఏ దేశంలో కొన్నా ఇవే కొలతలు. మా మెషీన్‌లో ఈ రెండు నంబర్లే ఉన్నాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగుల షాపుకెళ్లి నంబరు చెబితే చాలు, ఎస్‌కేఎఫ్ ఇమ్మంటారా, ఎన్‌బీసీ ఇమ్మంటారా అని అడుగుతారు. ఏదైనా పర్వాలేదు, నకిలీ కాకపోతే. మెకానిక్ జేబులోంచి డబ్బా కూడా లేకుండా తీసే బేరింగు మాత్రం వద్దు. నంబరు తర్వాత జెడ్‌జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూత. నీళ్ల పక్కన బతకాల్సిన వస్తువు కాబట్టి నేను రబ్బరుదే తీసుకున్నాను.

అసలు బేరింగుని తినేది నీళ్లే. దానికి ముందుండే ఆయిల్ సీలు అరిగిపోతే సబ్బు నీళ్లు లోపలికి దూరతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది. మా పాత బేరింగు బయటికి తీస్తే ఎర్రమట్టి ముద్దలా ఉంది. అందుకే బేరింగు బజారుదైనా సీలు మాత్రం మా మోడల్ నంబరు చెప్పి కంపెనీదే తెప్పించాను. ఇరుసు మీద సీలు ఆనే చోట గోటితో గీసి చూడమన్నాడు మెకానిక్. అక్కడ గాడి పడి గోరు తగులుకుంటే కొత్త సీలు వేసినా కారుతుందట. అదృష్టం, నున్నగానే ఉంది. డ్రమ్ము వెనకాల దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్ ఉంటుంది, దాన్నీ చూడాలి. చాలా మెషీన్లలో అది తెల్లటి పొడి రాలుస్తూ పుచ్చిపోయి ఉంటుంది. అలాంటి దానికి కొత్త బేరింగులు వేయడం కూలే గోడకి సున్నం కొట్టడమే.

కంపెనీ అబ్బాయికీ న్యాయం చేయాలి. కొన్ని మోడళ్లలో టబ్బు రెండు సగాల్ని ఫ్యాక్టరీలోనే కరిగించి అతికేస్తారు, విప్పడానికి బోల్టులుండవు. అలాంటప్పుడు టబ్బు మొత్తం మార్చడమే కంపెనీ పద్ధతి. బయటివాళ్లు రంపంతో కోసి, చుట్టూ బోల్టులు వేసి, సిలికాన్ పూసి నిలబెడతారు. చేయి తిరిగినవాడు చేస్తే నిలుస్తుంది, లేకపోతే కింది ఇంటి సీలింగు తడుస్తుంది. మాది బోల్టుల టబ్బే. అయినా ఆ అబ్బాయి టబ్బు మార్చాలనే అన్నాడు. అందుకే ముందుగా "మా మోడల్ టబ్బుకి బోల్టులున్నాయా, అతికిందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సంభాషణ తీరు మారిపోతుంది.

తలుపు రబ్బరు, అదే గాస్కెట్, దగ్గరికొచ్చేసరికి నా లెక్క తలకిందులవుతుంది. మూడేళ్ల కింద మా గాస్కెట్ మడతలో చిరిగితే సగం ధరకి వస్తోందని బజారుది వేయించాను. చేత్తో పట్టుకుంటేనే తెలిసింది, గట్టిగా, పాత సైకిలు ట్యూబులా ఉంది. చుట్టూ బిగించే స్ప్రింగు తీగ సరిగ్గా కూర్చోలేదు. నీళ్లు దిగడానికి అడుగున ఉండాల్సిన రంధ్రం రెండు వేళ్లు పక్కకి వచ్చింది. నాలుగో నెలలో కారడం మొదలైంది. మళ్లీ కంపెనీది కొని, మళ్లీ కూలి ఇచ్చి, మొత్తం మీద ఒకటిన్నర రెట్లకి పైగానే ఖర్చుపెట్టాను. గాస్కెట్‌కి బేరింగులా అందరికీ ఒకటే కొలత ఉండదు, మోడల్‌కో అచ్చు. ఆ అచ్చు కంపెనీ దగ్గరే సరిగ్గా ఉంటుంది. డోర్ లాక్ కూడా ఇదే బాపతు. లోపల నీళ్లుండగా, డ్రమ్ము తిరుగుతుండగా తలుపు తెరుచుకోకుండా ఆపేది అదే, అక్కడ రెండు మూడొందల కోసం చూడకండి. మోడల్ నంబరు తలుపు తెరిస్తే అంచు మీదో, వెనక స్టిక్కరు మీదో ఉంటుంది. ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. షాపులో "పెద్దదండీ, తెల్లది" అని చెబితే లాభం లేదు.

బెల్టు, కార్బన్ బ్రష్షులు, కెపాసిటర్ బజారువి వేసుకోవచ్చు, మీద ఉన్న రాత కలిస్తే. బెల్టు మీద 1270 జె5 అని ఉంటే పొడవు 1270 మిల్లీమీటర్లు, ఐదు గాడులు. డబుల్ టబ్ మెషీన్‌లో డ్రయ్యర్ గుయ్‌మంటూ తిరగకుండా, చేత్తో ఒక తోపు తోస్తే తిరుగుతుంటే ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌నే. ఎన్ని మైక్రోఫారడ్లో పాతదాని మీదే రాసుంటుంది, అంతే ఉన్నది తేవాలి. ప్లగ్గు తీసినా కాసేపు అందులో కరెంటు నిలవుంటుంది, సొంతంగా చేయి పెట్టకండి.

డ్రెయిన్ మోటారు పోయిందని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. స్క్రీన్ మీద ఎల్‌జీలో ఓఈ, శాంసంగ్‌లో 5సీ అని వస్తే నీళ్లు బయటికి పోవట్లేదని మాత్రమే అర్థం. ముందు కింద మూలన ఉన్న చిన్న మూత తీసి ఫిల్టరు కడగండి. మా ఇంట్లో ఒకసారి అందులోంచి రెండు రూపాయి బిళ్లలు, ఒక పిన్నీసు, మా అబ్బాయి స్కూలు బ్యాడ్జి వచ్చాయి. మోటారు భేషుగ్గా ఉంది. నిజంగానే కాలిపోతే, బిగింపు చెవులూ వైర్ల సాకెట్టూ సరిపోయే బజారు మోటారు ఫర్వాలేదు.

మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోతే మాత్రం మూడు దారుల్లో ఏదీ సుఖంగా ఉండదు. కంపెనీ బోర్డు ఖరీదు గుండె ఆపేస్తుంది. పాత మెషీన్ నుంచి తీసిన బోర్డు చవకే. కానీ చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు బోర్డుల్లో ప్రోగ్రాం వేరుగా ఉండొచ్చు, దాని మీది పార్ట్ నంబరు చివరి అంకె దాకా కలవాలి. నా సలహా నాలుగోది, ఉన్న బోర్డునే బాగుచేయించడం. చాలాసార్లు పోయేది స్విచ్చులా పనిచేసే ఒక రిలేనో, ఎక్కువ వోల్టేజీ నుంచి బోర్డుని కాపాడబోయి బలైన వేరిస్టరో. మా బావగారింట్లో అయితే బోర్డు మీద బల్లి అడ్డంగా పడి మాడిపోయింది. శుభ్రం చేసి రెండు సామాన్లు మార్చేసరికి మెషీన్ లేచింది. బోర్డు అంతటా జిగురు లాంటి రెసిన్ పోసి ఉంటే మాత్రం రిపేరువాళ్లు చేతులెత్తేస్తారు.

మరి స్క్రాపు సామాను దేనికీ పనికిరాదా? ఎందుకు పనికిరాదు? తలుపు అద్దం, హ్యాండిల్, సబ్బు డ్రాయరు, నాబ్‌లు, పైమూత, డ్రమ్ము పుల్లీ కళ్లు మూసుకుని పాతవి తీసుకోవచ్చు. విరిగితే కంటికి కనబడేవన్నీ ఓకే. రబ్బరు, బేరింగు, టబ్బు ఊపుని ఆపే షాకర్లు వయసుతో పాడయ్యేవి, వాటిని పాతవి కొనడమంటే ఇంకొకరి రోగం కొనుక్కోవడమే. ఆ స్క్రాపు టబ్బు నేను వద్దన్నది అందుకే. దాని లోపల బేరింగు వయసెంతో ఎవరికి తెలుసు?

యూరప్‌లో 2021 మార్చి నుంచి ఒక రూల్ ఉంది. వాషింగ్ మెషీన్ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం పదేళ్లపాటు ముఖ్యమైన స్పేర్లు దొరకాలి, అందులో బేరింగులు, స్పైడర్ కూడా ఉన్నాయి. మనదేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. కంపెనీలు రిపేరు వివరాలు, స్పేర్ల సమాచారం అందులో పెట్టాలన్నది ఆలోచన. అయినా మా ఏడేళ్ల మోడల్‌కి సీలు దొరకడానికి నేను నాలుగు ఫోన్లు చేశాను.

మొత్తానికి బజారు బేరింగులు, కంపెనీ సీలు, మా వీధి మెకానిక్ చేయి. మధ్యాహ్నం పూట మూడు గంటల సేపు బాల్కనీ నిండా సామాను పరిచాడు. టబ్బు మూసే ముందు సీలు పెదవికి నీటికి కరగని గ్రీజు రాయమని నేనంటే, "అన్నా, నేనే చెబుదామనుకున్నా" అన్నాడు. పాత బేరింగులు చేతికిచ్చి వెళ్లాడు. ఇప్పుడు పిండేటప్పుడు మెషీన్ ఉన్నచోటు నుంచి కొంచెం జరుగుతోంది, షాకర్లు మెత్తబడ్డాయి. అవి కంపెనీవే ఆర్డరు పెట్టాను, రెండూ కలిపి.