రెండేళ్లు వాడాక ఆ క్రియేటివ్ కిట్ గురించి

పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే మా చిన్న సెంటర్‌కి రెండేళ్ల కిందట ఇరవై కిట్లు వచ్చాయి. ఒక్కో అట్టపెట్టెలో పన్నెండు క్రేయాన్లు, ఆరు స్కెచ్ పెన్నులు, ఒక డ్రాయింగ్ పుస్తకం, కత్తెర, గమ్, చిల్లులున్న అట్టముక్కలు, వాటిని బిగించే పిన్నులు ఉన్నాయి. ఇంట్లో ఒకే పెన్సిల్‌ని ఇద్దరు ముగ్గురు వంతులేసుకునే పిల్లల కోసమట. కంపెనీ పేరు చెప్పను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి.

క్రేయాన్లు మూడు పలకలుగా, లావుగా ఉన్నాయి. నేల మీద పెట్టినా దొర్లిపోవు, గట్టిగా నొక్కినా అంత తేలిగ్గా విరగవు. పెట్టె మూత తిరగేస్తే ఒళ్లో పెట్టుకుని రాసుకునే పలక అవుతుంది. బల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే దీన్ని డిజైన్ చేసి ఉండాలి.

అయితే మొదటి నెలంతా ఒక పాప తన క్రేయాన్లను ముట్టుకోనే లేదు. ఎందుకమ్మా అంటే "గీస్తే అరిగిపోతాయి కదా టీచర్" అంది. నాకు నోట మాట రాలేదు. అరిగిపోతుందన్న భయం ఉన్నంతసేపు ఏ పిల్లా పిచ్చిగీతలు గీయదు, పిచ్చిగీతలు గీయకుండా బొమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? విరిగినవి, మిగిలినవి అన్నీ ఒక డబ్బాలో వేసి "ఇవి ఎవరివీ కావు, ఎంతైనా వాడండి" అన్నాక గానీ ఆ పాప చెయ్యి కదల్లేదు. కంపెనీ మాత్రం విడి రంగులు అమ్మదు. నలుపు అయిపోతే ఇంకో కిట్టు మొత్తం కొనాల్సిందే, తెలుపేమో అందరి పెట్టెల్లో కొత్తగా అలాగే పడి ఉంది.

పుస్తకంలో మొదటి పది పేజీల్లో సీతాకోకచిలుక, ఇల్లు లాంటి అచ్చు బొమ్మలున్నాయి. వాటికి రంగులేసిన ప్రతి ఒక్కరూ నా దగ్గరికొచ్చి "కరెక్టేనా?" అని అడిగారు. ఖాళీ పేజీలకు వచ్చాక ఆ ప్రశ్న దాదాపు ఆగిపోయింది, దానికి బదులు "ఇదేంటో చెప్పుకోండి" మొదలైంది. ఆ పది పేజీలూ తీసేస్తే మంచిది.

అసలు బంగారం అట్టముక్కలు. ఇలా కలిపి, విప్పి, మళ్లీ కలుపుకునే విడిభాగాలు ఎన్ని ఎక్కువుంటే పిల్లల బుర్ర అంత పనిచేస్తుందని బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లోనే అన్నాడు. మా దగ్గర ఒక అబ్బాయి నాలుగు ముక్కలు, మూడు పిన్నులతో ఒక చెయ్యి చేశాడు, వెనక దారం లాగితే మోచేయి వంగుతుంది. పిన్ను బిగువైతే అది కదలడం లేదని తనే కనిపెట్టి వదులు చేసుకున్నాడు, నేనేమీ చెప్పలేదు.

స్కెచ్ పెన్నులు శుద్ధ దండగ, రెండు వారాల్లో మూతలు పోయి ఎండిపోయాయి. కత్తెర మొన మొద్దుగా ఉంది, భయం లేదు, కానీ ఎడమచేతి వాటం పిల్లలు పట్టుకుంటే రెండు బ్లేడ్లూ దూరం జరిగి కాగితం తెగకుండా మధ్యలో మడత పడుతుంది. వాళ్లేమో తమకే చేతకాదనుకున్నారు.

ఇంకొకటి, నాకు బాగా కోపం తెప్పించింది. పెట్టె మీద "నిరుపేద బాలల కోసం" అని ఇంత లావు అక్షరాలు. బడికి తీసుకెళ్లమంటే పెద్దపిల్లలు ఎవరూ తీసుకెళ్లలేదు. చివరికి ఒకమ్మాయి దాని మీద తెల్లకాగితం అంటించి తన పేరు రాసుకుంది, మర్నాటికి ఇరవై పెట్టెల మీదా కాగితాలే.

ఈసారి మాత్రం అట్టముక్కలు, పిన్నులు రెండింతలు తెప్పిస్తాను, క్రేయాన్లు విడిగా దొరికేచోట కొంటాను, ఎడమచేతి కత్తెరలు రెండు. పుస్తకాలకు బదులు ఒకవైపు అచ్చయిన పాత కాగితాలు కట్టలుగా చాలు.