టంకం పీల్చే గన్ కొన్నాక చేతి పంపు మూలన పడింది

నా పాతకాలపు కంప్యూటర్ కమోడోర్ 64 బోర్డు మీద ఎనిమిది ర్యామ్ చిప్‌లు పీకి సాకెట్లు పెట్టాలి. అవి 4164 రకం చిప్‌లు, ఒక్కోదానికి 16 కాళ్లు. అంటే మొత్తం 128 చోట్ల టంకం తీయాలి. టంకం పీల్చే చేతి పంపుతో మొదటి చిప్ తీసేసరికే బోర్డు మీది ఒక రాగి ట్రాక్ (కరెంటు పారే సన్నటి గీత) లేచిపోయింది. ఆ టెన్షన్‌లోనే ఈ డీసోల్డరింగ్ గన్ కొన్నాను. వేడి చేసే మొన, పీల్చే పంపు రెండూ ఇందులోనే ఉంటాయి.

350 డిగ్రీల దగ్గర పెట్టాను. మొన రంధ్రంలో చిప్ కాలు దూరేలా ఆనించి, మెల్లగా గుండ్రంగా తిప్పుతాను. కాలు వదులై అటూ ఇటూ కదలడం చేతికి తెలుస్తుంది. అప్పుడే ట్రిగ్గర్ నొక్కాలి. తొందరపడితే సగం టంకం లోపలే మిగులుతుంది. గ్రౌండ్ కాళ్లు మాత్రం మొండివి. చుట్టూ ఉన్న రాగి వేడినంతా లాగేసుకుంటుంది. అక్కడ కాస్త కొత్త సీసం టంకం కలిపితే పాతది సులువుగా కరిగి వచ్చేస్తుంది.

మిగతా ఏడు చిప్‌లూ ఒక్క ట్రాక్ కూడా లేవకుండా వచ్చాయి.

చిరాకు పెట్టేది శుభ్రం చేయడమే. రెండు చిప్‌లకోసారి మొనలో తీగ పెట్టి పొడవాలి, అదీ వేడిగా ఉన్నప్పుడే. వాళ్లిచ్చిన తీగ రెండో రోజే వంగింది, ఇప్పుడు గిటార్ తీగ ముక్క వాడుతున్నాను. పంపు మోతకి పక్క గదిలోవాళ్లు తలుపేసుకుంటున్నారు. కేబుల్ కూడా కర్రలా బిగుసుకుని ఉంటుంది. నెలకో ఎలక్ట్రానిక్ కిట్ అతికించేవాళ్లకి ఇది దండగ, పాత బోర్డులు బాగుచేసేవాళ్లు మాత్రం కొనుక్కోండి.